టెక్ సందేహాలు: డాలస్ ప్రయాణం పదకొండున్నర గంటలేనా?

ప్రశ్న: అమ్మ జూన్‌లో హైదరాబాద్ నుంచి దోహా మీదుగా డాలస్ వెళ్తోంది. టికెట్‌లో బయలుదేరేది తెల్లవారుజామున 4 గంటలకు, దిగేది అదే రోజు మధ్యాహ్నం 3:30కి అని ఉంది. అంటే పదకొండున్నర గంటలేనా? అసలు దూరం ఎంతో ఫోన్‌లో చూసుకోవచ్చా?

జవాబు: కాదండీ, 22 గంటలు. టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. 4 గంటలు మన టైము, 3:30 డాలస్ టైము. జూన్‌లో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక ఉంటుంది. ఆ పదిన్నరను పదకొండున్నరకు కలపండి. చలికాలంలో అయితే తేడా పదకొండున్నర గంటలు. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాలు ఒక గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు కాబట్టి నిరుడు చలికాలంలో వేసిన లెక్క ఇప్పుడు పనికిరాదు.

తిరుగు టికెట్ చూసినప్పుడు కంగారు పడకండి. సోమవారం సాయంత్రం ఎక్కితే బుధవారం తెల్లవారుజామున దిగొచ్చు. టైము పక్కన చిన్నగా కనిపించే +2 అర్థం అదే. శంషాబాద్‌కు ఏ రాత్రి కారు తీసుకెళ్లాలో దాన్ని చూసే తేల్చుకోండి. చాలామంది పొరబడేది ఇక్కడే. గూగుల్ ఫ్లైట్స్‌లో మొత్తం ప్రయాణ సమయం విడిగా ఉంటుంది, ముందు అది చూడండి.

ఇక దూరం. కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ తెరిచి, రూలర్ గుర్తు నొక్కి, శంషాబాద్ మీద ఒకసారి, డాలస్ విమానాశ్రయం మీద ఒకసారి క్లిక్ చేయండి. సుమారు 14,400 కి.మీ. వస్తుంది. ఫోన్‌లో అయితే గూగుల్ మ్యాప్స్‌లో శంషాబాద్ మీద వేలు నొక్కి ఉంచితే పిన్ పడుతుంది. దాని వివరాల్లో దూరం కొలిచే ఆప్షన్ ఉంటుంది. ఎర్త్‌లో ఆ గీత ఎటు వెళ్తోందో చూడండి: ఉత్తర ధ్రువానికి 500 కి.మీ. దగ్గర్లోంచి! గోడ మీది మ్యాపు చూసి అమెరికా అంటే పడమరగా, అట్లాంటిక్ దాటి పోవడమే అనుకుంటాం. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి దగ్గరి దారి పైనుంచి వెళ్తుంది.

దోహా వల్ల దారి పెరుగుతుందని దిగులు వద్దు. హైదరాబాద్–దోహా సుమారు 2,900, దోహా–డాలస్ సుమారు 12,750. కలిపితే నేరు దారికంటే పెరిగేది 1,250 కి.మీ. మాత్రమే. జెట్ విమానం గంటకు దాదాపు 900 కి.మీ. పోతుంది కాబట్టి అది గంటన్నర లోపు. అయితే దూరాన్ని 900తో భాగిస్తే వచ్చే గంటలు టికెట్‌తో కలవవు. టేకాఫ్, ల్యాండింగ్, వంకర దారులు, పైగా అటు వెళ్లేటప్పుడు ఎదురుగాలి. పైన వీచే జెట్ స్ట్రీమ్ పడమర నుంచి తూర్పుకు సాగుతుంది. అందుకే తిరుగు ప్రయాణం సాధారణంగా త్వరగా అవుతుంది.

మీ అమ్మగారి విషయంలో నేను ముందు చూసేది దోహాలో దొరికే సమయం. నాలుగున్నర గంటల్లో అక్కడికి చేరి, తర్వాత 16 గంటలు ఎగరాలంటే, 22లో మధ్యన మిగిలేది గంటన్నరే. ఒంటరిగా వెళ్లే పెద్దావిడకు అది చాలా తక్కువ. వీలుంటే మూడు గంటలైనా ఉండే టికెట్‌కు మార్పించండి, లేదా వీల్‌చెయిర్ సాయం ఇప్పుడే అడిగి పెట్టండి.