గిటార్ రికార్డింగ్‌లో టప్ టప్‌లు

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటాను. విండోస్ ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ (గిటార్ శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే పెట్టె) కలిపి, రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో గిటార్ రికార్డు చేస్తున్నాను. బఫర్ (ఒక్కో విడతకి అందించే శబ్దం ముక్క సైజు) 64 శాంపిళ్లు పెడితే టప్ టప్‌మని మధ్యమధ్యలో తెగుతోంది. 1024 పెడితే తీగ మీటాక ఆలస్యంగా వినిపిస్తోంది. సీపీయూ వాడకం 25 శాతం కూడా దాటదు. ల్యాప్‌టాప్ మార్చాలా?

జవాబు: అప్పుడే కొత్త ల్యాప్‌టాప్ కోసం ఎస్పీ రోడ్డు కంప్యూటర్ మార్కెట్‌కి బయల్దేరకండి. ఆ 25 శాతం అన్ని కోర్లకీ కలిపిన సగటు. ఆడియోకి కావలసింది సగటు కాదు, గడువు. సెకనుకి 44,100 శాంపిళ్ల రేటులో 64 శాంపిళ్లంటే 1.45 మిల్లీసెకన్లు. ఆలోగా తర్వాతి ముక్క అందకపోతే ఖాళీ పడుతుంది, అదే మీ టప్.

ముందు చప్పుడు ఎక్కడుందో తేల్చుకోండి. బఫర్ 1024 పెట్టి, రికార్డు చేసిన అదే టేకు రెండుసార్లు వినండి. ప్రతిసారీ ఒకేచోట వస్తే అది టేకులోనే పడింది. చోటు మారుతుంటే టేకు బాగానే ఉంది, ప్లేబ్యాక్‌లోనే తడబాటు. టేకులో పడితే వేవ్‌ఫామ్‌ని బాగా జూమ్ చేయండి. గీత నిటారుగా తెగిపడితే డ్రాపౌట్, అంటే మధ్యలో శబ్దం జారిపోయింది. కొండల నెత్తిన చెక్కేసినట్టు చదునుగా ఉంటే క్లిప్పింగ్, అంటే శబ్దం హద్దు దాటి నరుక్కుపోయింది. దానికి బఫర్‌తో సంబంధం లేదు, ఇంటర్‌ఫేస్ మీది గెయిన్ తగ్గించి పీకులు (శబ్దం గరిష్ఠంగా లేచే చోట్లు) మైనస్ 12, మైనస్ 6 డీబీల మధ్య ఉంచండి.

డ్రాపౌటే అయితే ప్రిఫరెన్సెస్‌లో ఆడియో డివైస్ తెరిచి, ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన ఏసియో (ఆలస్యం తక్కువగా ఉండే ఆడియో) డ్రైవరే ఉందో లేదో చూడండి. ఏసియో ఫర్ ఆల్ అనే ఉమ్మడి డ్రైవర్ ఉంటే మార్చేయండి, అది విండోస్ డ్రైవర్ మీద తొడిగిన తొడుగు మాత్రమే. తర్వాత బఫర్ 128, ఆగకపోతే 256. 256 దగ్గర శబ్దం లోపలికెళ్లి బయటికి రావడానికి రానూపోనూ సుమారు 12 మిల్లీసెకన్లు, పైన శబ్దాన్ని డిజిటల్‌కి, తిరిగి శబ్దానికి మార్చే కన్వర్టర్ల ఆలస్యం కొంచెం. ఆంప్‌కి నాలుగైదు మీటర్ల దూరంలో నిలబడి వాయించినట్టుంటుంది, చేయి అలవాటు పడుతుంది. రికార్డింగప్పుడు ఆంప్ సిమ్‌లో (ఆంప్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్‌లో) సీపీయూని ఎక్కువగా తినే ఓవర్‌శాంప్లింగ్ ఆపండి, పాత ట్రాకులు ఫ్రీజ్ చేయండి, అంటే ఎఫెక్టులతో సహా ఆడియోగా మార్చి పెట్టండి. అన్ని ట్రాకులూ కలిసే మాస్టర్ ట్రాక్ మీద లీనియర్ ఫేజ్ ఈక్యూ, లుక్అహెడ్ లిమిటర్ లాంటి ఎఫెక్టులు ఉంటే తీసేయండి. బఫర్ ఎంత తగ్గించినా అవి తెచ్చే ఆలస్యం పోదు.

1024 దగ్గర కూడా టప్‌లు వస్తే ఇక బఫర్ ముట్టుకోవద్దు. ఏదో డ్రైవర్ అడ్డుపడుతోంది. ఏ డ్రైవర్ ఆలస్యం చేస్తోందో చూపే లేటెన్సీమాన్ అనే ప్రోగ్రామ్ పది నిమిషాలు నడిపి, డ్రైవర్స్ ట్యాబ్‌లో ఎక్కువ సమయం తినేదాన్ని చూడండి. ఎన్‌డిస్ (విండోస్ నెట్‌వర్క్ డ్రైవర్) పేరు కనిపిస్తే నెట్‌వర్క్ వైపు అనుమానించి, రికార్డింగ్ అయ్యేదాకా వైఫైని డివైస్ మేనేజర్‌లో డిసేబుల్ చేయండి. పవర్ ప్లాన్‌ని హై పెర్ఫార్మెన్స్‌కి మార్చి, కరెంటు ఆదాకి యూఎస్‌బీ పరికరాలని నిద్రపుచ్చే యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపండి. ఇంటర్‌ఫేస్‌ని హబ్‌కి కాకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కే గుచ్చండి.

ప్రశ్న: గిటార్ రికార్డు చేస్తుంటే, ల్యాప్‌టాప్‌కి చార్జర్ పెట్టగానే గుయ్యిమని హమ్ వస్తోంది. బీటీఎం లేఅవుట్ నుంచి.

జవాబు: చార్జర్ తీయగానే ఆగితే తప్పు గిటార్‌ది కాదు, చాలావరకు ఎర్తింగ్‌ది. రెండు పిన్నుల అడాప్టర్ మధ్యలో ఉంటే తీసేసి, ఎర్త్ ఉన్న మూడు పిన్నుల సాకెట్‌కే పెట్టండి. ఎర్త్ పిన్ను మాత్రం ఎన్నడూ విరవకండి, ప్రాణానికే ముప్పు. చార్జర్ తీసినా హమ్ ఉండి, మీ గిటార్‌వి సింగిల్ కాయిల్ పికప్‌లైతే (తీగల కింద ఒకే తీగచుట్ట ఉండి, చుట్టుపక్కల కరెంటు హమ్‌ని ఇట్టే పట్టేసేవి), మానిటర్‌కి దూరంగా కూర్చుని గిటార్‌ని మెల్లగా తిప్పండి. ఒక కోణంలో హమ్ బాగా తగ్గుతుంది. అలాగే కూర్చుని వాయించండి.