లాగ్ నిండి బ్యాకప్ సర్వరే ఆగిపోతే?

ప్రశ్న: మా ఐబీఎం స్టోరేజ్ ప్రొటెక్ట్ (పాత పేరు టీఎస్ఎం) బ్యాకప్ సర్వర్ రాత్రి ఆగిపోయింది. స్టార్ట్ చేస్తే లాగ్ నిండిందంటూ మళ్లీ పడిపోతోంది. ఆర్కైవ్ లాగ్ డైరెక్టరీలో పాత ఫైళ్లు డిలీట్ చేయొచ్చా?

జవాబు: వాటి జోలికి మాత్రం వెళ్లకండి. సర్వర్ లోపలున్న డీబీ2 డేటాబేస్ పాడైతే, చివరి బ్యాకప్ తర్వాతి మార్పులను రాబట్టేది ఆ ఫైళ్లతోనే. డేటాబేస్ పోతే టేపుల్లో డేటా ఉన్నా ఏది ఎక్కడుందో తెలియదు.

ముందు ఏ డిస్క్ నిండిందో చూడండి. చాలాసార్లు మొదట నిండేది ఆర్కైవ్ లాగే. అక్కడా, ఫెయిలోవర్ డైరెక్టరీ (ఆర్కైవ్ నిండితే వాడే అదనపు చోటు) ఉంటే అందులోనూ చోటు లేకపోతే పూర్తయిన లాగులు, ప్రస్తుత మార్పులు రాసుకునే యాక్టివ్ లాగ్‌లోనే పేరుకుంటాయి. అదీ నిండగానే సర్వర్ ఆగుతుంది. అందుకే ముందు ఆర్కైవ్ ఫైల్‌సిస్టమ్ సైజు పెంచండి. అక్కడ ఖాళీ ఉన్నా ఇదే గొడవైతే, సర్వర్ ఆప్షన్స్ ఫైల్‌లో యాక్టివ్‌లాగ్‌సైజ్ పెంచండి. అది మెగాబైట్లలో ఉంటుంది, 16384 అంటే 16 జీబీ. డిస్క్‌లో అంత చోటుందో లేదో చూసుకున్నాకే మార్చండి.

స్టార్ట్ చేసేముందు అదే ఫైల్‌లో డిజేబుల్‌షెడ్స్ యస్, ఎక్స్‌పింటర్వల్ 0 అని పెట్టండి. లేకపోతే షెడ్యూల్ పనులు, ఎక్స్‌పైరేషన్ (గడువు తీరిన బ్యాకప్‌లను తీసేసే పని) మొదలై కొత్తగా ఇచ్చిన చోటును కూడా మింగేస్తాయి. సర్వర్ లేవగానే, బ్యాకప్ పంపే క్లయింట్ యంత్రాల కొత్త కనెక్షన్లను ఆపే డిజేబుల్ సెషన్స్ కమాండ్ ఇచ్చి, డేటాబేస్ బ్యాకప్ తీయండి. టైప్ ఫుల్ అని ఇవ్వాలి, మార్పులను మాత్రమే తీసే ఇంక్రిమెంటల్‌తో పని జరగదు. ఫుల్ పూర్తయ్యాక, ఇక అక్కర్లేని ఆర్కైవ్ లాగులను సర్వరే తీసేస్తుంది. తర్వాత ఆ రెండు ఆప్షన్లనూ పాత విలువలకు మార్చి, ఎనేబుల్ సెషన్స్ ఇవ్వడం మరిచిపోకండి.

ఇంతకీ ఎందుకు నిండింది? నా అనుమానం డేటాబేస్ బ్యాకప్ మీదే. క్వెరీ డీబీ ఎఫ్=డీ కొడితే చివరి బ్యాకప్ తేదీ కనిపిస్తుంది. అది పాతదైతే దొంగ దొరికినట్టే. స్క్రాచ్ (ఖాళీ) టేపులు అయిపోయినా బ్యాకప్ ఫెయిలవుతుంది, రోజువారీ పనులు మాత్రం ఏమీ ఎరగనట్టు నడుస్తుంటాయి. టేపులు లేకపోతే ప్రస్తుతానికి వేరే డిస్క్ మీద ఫైల్ డివైస్ క్లాస్ (డిస్క్ ఫైళ్లను టేపుల్లా వాడే ఏర్పాటు) ఒకటి పెట్టి దానికి తీయండి. తేదీ నిన్నటిదే అయితే, గంటల తరబడి వేలాడుతున్న క్లయింట్ సెషన్ ఏదైనా లాగ్‌ను పట్టుకుని కూర్చుందేమో, సర్వర్ సందేశాలు నమోదయ్యే యాక్టివిటీ లాగ్‌లో వెతకండి.