పడవలో వంట, దీవుల్లో సంత

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో ఉంటారు. ఫిబ్రవరిలో కరీబియన్‌లో యాట్ అద్దెకు తీసుకుని గ్రెనడా నుంచి మార్టినిక్ దాకా దీవులు తిరుగుదాం, మీరూ రండి అంటున్నారు. మా వారికి మధ్యాహ్నం అన్నం లేకపోతే జరగదు. సరుకులన్నీ ఇక్కణ్ణుంచే మోసుకెళ్లాలా? నీళ్లకు ఇబ్బందా? పడవలో చేపల పులుసు పెట్టుకోవచ్చా? అదే టెన్షన్.
- ఒక పాఠకురాలు, కావలి

జవాబు: బియ్యం మాత్రం మోయకండమ్మా. బియ్యం, పప్పు, శనగలు, నూనె గ్రెనడా రాజధాని సెయింట్ జార్జెస్‌లో దొరుకుతాయి. 1857 నుంచి మన దేశపు కూలీలు వెళ్లి స్థిరపడిన దీవి అది, శనగల కూర చుట్టిన రోటీ అమ్మే కొట్లు కూడా ఉన్నాయి. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో చింతపండు, కారం, ఇంగువ, నాలుగు పొడులు కొని సీలు వేయించుకోండి, దిగగానే కస్టమ్స్ వాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పేయండి.

కూరగాయలకు అక్కడి శనివారం సంత, పొద్దున్నే వెళ్లాలి. టమాటాలు పచ్చివి, దోరవి, పండినవి కలిపి తీసుకోండి. అరటి గెల వద్దు, మొత్తం ఒక్కసారే మాగిపోతే నలుగురు ఎన్నని తింటారు! గుడ్లు ఫ్రిజ్‌లో పెట్టనివే అడగండి, అవి బయట కూడా చాలా రోజులు నిలుస్తాయి. అట్టపెట్టెల్ని అసలు పడవెక్కనివ్వకండి, మడతల్లో బొద్దింక గుడ్లుంటాయి, ఒక్కసారి లోపలికి చేరాయంటే వదలవు. రేవులోనే విప్పి సరుకులు సంచుల్లోకి మార్చుకోండి.

పడవలోని నీళ్ల ట్యాంకు గ్రెనడాలోనే నిండా పట్టించండి. పైనున్న గ్రెనడీన్స్ చిన్న దీవులకు నదుల్లేవు, అక్కడి జనం వాననీళ్లు తొట్లలో పట్టుకుని వాడతారు, మీరు వెళ్లేదేమో అక్కడ వానలు తక్కువ పడే కాలం. వాటిల్లో జనం ఉండని టొబాగో కేస్ దీవుల్లో కొట్లే లేవు. బెక్వియా దీవి చేరితే నీళ్లు, ఐసు, బ్రెడ్ పడవ దగ్గరికే తెచ్చి అమ్ముతారు. 2024 జులైలో బెరిల్ తుపాను కారియకూ, యూనియన్ దీవుల్ని చితక్కొట్టింది, కాబట్టి అక్కడి షాపుల మీదే ఆధారపడకండి. కానీ తెరిచిన కొట్టు కనబడితే బేరమాడకుండా ఏదో ఒకటి కొనండి, వాళ్లకు అదే ఆసరా.

ఇక చేపల పులుసు. భేషుగ్గా పెట్టుకోవచ్చు, అయితే ఏ చేప అన్నదే ముఖ్యం. పగడపు దిబ్బల్లో తిరిగే పెద్ద చేపలు, ముఖ్యంగా బారకూడా, పెద్ద గ్రూపర్, ఎంత తాజాగా ఉన్నా వద్దు. వాటిలో సిగ్వాటెరా అనే విషం ఉండొచ్చు, దిబ్బల మీది సూక్ష్మమైన నాచులో పుట్టి చిన్న చేపల ద్వారా పెద్దవాటికి చేరుతుంది. రుచిలో, వాసనలో తేడా తెలియదు, ఎంతసేపు మరిగించినా పోదు, చింతపండు పులుపుకూ లొంగదు. ఈ బెడద ఉత్తరపు దీవుల్లో ఎక్కువే, అయినా మీరూ జాగ్రత్తగా ఉండండి. నడిసముద్రంలో గాలానికి పడే మహిమహి పులుసుకు బాగుంటుంది, ముక్క గట్టిగా ఉంటుంది. ట్యూనా పడితే వెంటనే ఐసులో పెట్టాలి, ఎండలో ఉంచితే అదీ ఒంటికి పడదు.

మార్టినిక్ ఫ్రాన్స్‌లో భాగం, అక్కడ యూరోలు కావాలి. మిగతా దీవుల్లో ఈస్ట్ కరీబియన్ డాలరు, అమెరికా డాలరుకు 2.70 వస్తాయి. మార్టినిక్ సంతలో కొలొంబో అని ఒక పొడి అమ్ముతారు, ధనియాలు, ఆవాలు, పసుపు వేసి కొట్టింది, మన వైపు నుంచి వెళ్లిన కూలీల వంటే. పొడులు అయిపోతే అది కొనుక్కోండి. ఆదివారం మధ్యాహ్నం సూపర్‌మార్కెట్లు మూసేస్తారు, శనివారానికల్లా చేరేలా చూడమని అల్లుడుగారికి చెప్పండి.