లెక్చరర్ గది తలుపు మీ అబ్బాయే తట్టాలి

ప్రశ్న: మా అబ్బాయి వచ్చే నెల కాలేజీలో చేరుతున్నాడు. హాస్టల్లో ఉండాలి. మార్కులు ఎప్పుడూ బాగానే వస్తాయి. కానీ కొత్తవాళ్లతో మాట్లాడాలంటే టెన్షన్ పడతాడు. ఏ పని చెప్పినా "నువ్వే చూసుకో అమ్మా" అంటాడు. సాఫ్ట్ స్కిల్స్ లేకపోతే కాలేజీలో నెగ్గుకురావడం కష్టమని అందరూ అంటున్నారు. ఈ నెల రోజుల్లో ఏదైనా కోర్సులో చేర్పించమంటారా?
- ఓ తల్లి

జవాబు: కోర్సు సంగతి తర్వాత చూద్దామమ్మా. ఉన్నది నెల రోజులే కాబట్టి ముందు ఇంట్లో మొదలుపెట్టండి.

నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది అమ్మానాన్నలతో వస్తారు. "నీకు ఏ సబ్జెక్టు ఇష్టం?" అని పిల్లవాణ్ని అడుగుతాను. వాడు నోరు తెరిచేలోపే పక్క కుర్చీలోంచి జవాబు వచ్చేస్తుంది. రెండో ప్రశ్న వేస్తే వాడు అమ్మ ముఖం చూస్తాడు. అప్పుడు పెద్దవాళ్లను ఓ పది నిమిషాలు బయట కూర్చోమంటాను. కాసేపు గదిలో ఎవరూ మాట్లాడరు. నేనూ తొందరపెట్టను. ఆ తర్వాత అదే పిల్లవాడు తనకేది ఇష్టమో, దేనికి భయపడుతున్నాడో చక్కగా చెప్పుకొస్తాడు. అంతవరకూ వాడికి ఆ అవసరం పడలేదు, అంతే. మీ ఉత్తరంలో "నువ్వే చూసుకో అమ్మా" అన్న మాట చదవగానే నాకు ఆ గదే గుర్తొచ్చింది. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. పిల్లలు చదువుకుంటున్నారని మిగతా పనులన్నీ మన నెత్తిన వేసుకుంటాం, అదంతా ప్రేమతోనే.

సాఫ్ట్ స్కిల్స్ అంటే గలగలా మాట్లాడటం అనుకుంటే మీ అబ్బాయిని చూసి బెంగపడాల్సిందే. కానీ 1970ల మొదట్లో అమెరికా సైన్యం శిక్షణ విభాగం ఈ మాట వాడినప్పుడు దాని అర్థం వేరు. యంత్రాలతో పెద్దగా పనిలేకుండా మనుషులతో, కాగితాలతో నడిచే పనుల నైపుణ్యాలను అలా పిలిచారు. రిపోర్టు రాయడం కూడా అందులో ఉంది. కాబట్టి తక్కువ మాట్లాడేవాడైనా ఫరవాలేదు. అవసరమైన చోట అవసరమైనది అడగగలగాలి. ఫస్టియర్‌లో పిల్లలు వెనకబడేది ఎక్కువగా ఇక్కడే.

ఓ అమ్మాయి లెక్చరర్‌కు పంపబోయే మెయిల్ నాకు చూపించింది. "సర్, నాకేమీ అర్థం కావడం లేదు, హెల్ప్ చేయండి." అంతే ఉంది. పేరు లేదు, ఏ క్లాసో లేదు. ఏది అర్థం కావడం లేదని అడిగితే పుస్తకం తీసింది. అరగంట కూర్చుని మళ్లీ రాసింది: "సర్, నేను ఫస్టియర్ విద్యార్థినిని. మంగళవారం మీరిచ్చిన మూడో లెక్క సగం వరకు చేయగలిగాను. అక్కడి నుంచి ముందుకు వెళ్లడం లేదు. నేను చేసినంతవరకు ఫొటో తీసి పెట్టాను. మీకు వీలున్నప్పుడు పది నిమిషాలు కలవొచ్చా?" కింద పేరు, రోల్ నంబరు. ఇలా రాయాలంటే ఎక్కడ ఆగిపోయిందో ముందు తనకే తెలియాలి కదా. ఆ వెతుకులాటలోనే సగం సందేహం తీరిపోయిందని తనే చెప్పింది. మీ అబ్బాయి చేత కూడా ఇలాంటి మెయిల్ ఒకటి రాయించండి. మీరు రాసి ఇవ్వొద్దు.

రెండోది టైమ్. స్కూల్లో రేపు ఏం తేవాలో టీచర్ గుర్తుచేస్తారు, ఇంట్లో మీరు గుర్తుచేస్తారు. కాలేజీలో గడువు ఒకసారి చెప్పి ఊరుకుంటారు. 1994లో కెనడా పరిశోధకులు బ్యూలర్, గ్రిఫిన్, రాస్ డిగ్రీ చివర్లో థీసిస్ రాస్తున్న విద్యార్థులను ఎన్ని రోజుల్లో పూర్తిచేస్తారని అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితే 49 రోజులన్నారు. చివరికి పట్టింది 55 రోజుల పైనే. థీసిస్ దాకా వచ్చినవాళ్ల లెక్కే అంత తప్పితే, కొత్తగా చేరేవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఈ నెలలో ఏ పని మొదలుపెట్టినా ఎంతసేపు పడుతుందో ముందు రాసుకోమనండి, అయ్యాక ఎంత పట్టిందో పక్కనే రాయమనండి. పది పనులకల్లా తన అంచనా ఎంత తప్పుతుందో వాడికే తెలుస్తుంది. అలారం కూడా ఇకనుంచి వాడిదే. మీరు లేపకండి.

అడ్మిషన్ ఫారాలు, హాస్టల్ వివరాలు, బ్యాంకు పని, బట్టలు ఉతుక్కోవడం ఒక్కొక్కటిగా అప్పగించండి. తప్పులు చేస్తాడు, చేయనివ్వండి. చివరి తేదీ ఉన్న కాగితాలు మాత్రం పంపేముందు మీరు ఒకసారి చూడండి. తప్పు కనిపిస్తే వేలు పెట్టి చూపించండి, దిద్దుకోవడం వాడి పని.

ఒక్క జాగ్రత్త. కొత్తవాళ్ల ముందు కాస్త బిడియపడటం వేరు. భయంతో నిద్రపట్టకపోవడం, ఇల్లు కదలనని మొండికేయడం, గుండెదడ రావడం లాంటివి ఉంటే ఇవన్నీ పక్కనపెట్టి సైకాలజిస్టును కలవండి. ఆలస్యం చేయకండి.

కోర్సు అంటారా, చేరాక తనకే కావాలనిపిస్తే అప్పుడు చేరనివ్వండి. వినడం తక్కువ, పిల్లలచేత మాట్లాడించడం ఎక్కువ ఉన్నదే చూడండి.

మొదటి పని ఈ వారమే పెట్టుకోండి. హాస్టల్లో ఎప్పుడు చేరాలో, ఏమేం తెచ్చుకోవాలో కాలేజీ ఆఫీసుకు ఫోన్ చేసి వాడినే కనుక్కోమనండి. అడగాల్సినవన్నీ కాగితం మీద రాసుకుంటాడు. నంబరు నొక్కేముందు మీరు పక్క గదిలోకి వెళ్లిపోండి.