తడిసిన కర్రను నమ్మకు

చిరంజీవి అల్లుడికి మామయ్య దీవెనలు.

బోరు మోటార్ల మెకానిక్ దగ్గర పనికి కుదిరావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషమే గానీ, అప్పట్నుంచీ నాకు టెన్షన్‌గా ఉంది. ముప్పై ఏళ్లు కరెంటు స్తంభాలెక్కినవాణ్ని కదా.

రాగి, అల్యూమినియంలో కరెంటు పారుతుందనీ, రబ్బరు, పింగాణీ, ఎండు కట్టెలో పారదనీ బళ్లో చదివే ఉంటావు. లోహంలో కొన్ని ఎలక్ట్రాన్లు ఏ ఒక్క పరమాణువుకూ కట్టుబడకుండా తిరుగుతుంటాయి, ఓల్టేజీ తగలగానే ఒక దిక్కుకు సాగుతాయి. రబ్బరులో అవి కదిలి రావు. అంతవరకూ నిజమే. రాగి ఎప్పుడూ రాగే. కరెంటును ఆపే ఇన్సులేటర్ అలా కాదు. తడిసినా, దుమ్ము పట్టినా, ఎండకు పగిలినా దాని గుణం పోతుంది.

నేను చేరిన మొదటి వానాకాలం, ఒక సర్వీసు వైరు తెగి పొలం గట్టు మీద పడింది. పక్కనున్న వెదురు కర్రతో దాన్ని నెట్టబోయాను. పైకి ఎండినట్టే ఉంది. రాత్రంతా గడ్డిలో పడి లోపల నీరు పీల్చుకుంది. మోచేతి దాకా జివ్వున లాగింది. కర్ర చేయి జారబట్టి బతికాను. ఆ తర్వాత సప్లై ఆపించి, టెస్టర్ పెట్టి చూసుకోనిదే ఏ వైరూ ముట్టలేదు. ఆ టెస్టరు కూడా పనిచేస్తోందో లేదో ముందు సప్లై ఉన్న పాయింట్‌లో పెట్టి చూసుకో.

అచ్చమైన నీళ్లలో కరెంటు పెద్దగా పారదు. బోరు నీళ్లలో, మన చెమటలో ఉప్పులుంటాయి, వాటితోనే వస్తుంది చిక్కంతా. చేయి తడిస్తే ఒంటి నిరోధం వెయ్యి ఓమ్‌లకు పడిపోవచ్చు. 230 ఓల్టులకు లెక్కేసుకో, 230 మిల్లీ ఆంపియర్లు. ప్రాణరక్షణకు ఇళ్లలో పెట్టే ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే సప్లై ఆపేస్తుంది. హవాయి చెప్పులున్నాయి కదా అనుకోకు. తెగిన పట్టీకి అడుగున పిన్నీసు గుచ్చావంటే కరెంటుకు నేలదాకా నువ్వే దారి ఇచ్చినట్టు.

11 కేవీ, అంటే 11 వేల ఓల్టుల స్తంభం మీది పింగాణీని ఒకసారి నిదానంగా చూడు. గొడుగు కింద గొడుగులా అంచులుంటాయి. వానకు పైభాగం తడిసినా అడుగు పొడిగా ఉండాలని, కరెంటు పైనుంచి పాకాలంటే దూరం ఎక్కువ కావాలని అలా చేస్తారు. దాని మీద పోయే తీగలకు మాత్రం తొడుగుండదు, చుట్టూ ఉన్న గాలే ఇన్సులేటర్. నాకు అన్నిటికన్నా భయం ఇక్కడే. బోరులోంచి మోటారు లాగేటప్పుడు ఇనుప పైపు నిలువునా పైకి లేస్తుంది. మీ కళ్లన్నీ బోరు మీదే ఉంటాయి. పైపు తీగను తాకనక్కర్లేదు, బాగా దగ్గరకొస్తే చాలు. పైన లైను కనబడితే, ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే పని అయ్యేదాకా ఆ లైనుకు సప్లై ఆపించడం) తీసుకున్నారా అని మీ మేస్త్రీని అడుగు. కసురుకున్నా సరే, అడుగు.

కేబుల్‌ను వంచి చూడు, పైతొడుగు చిట్లితే మార్చమను. మోటారు దించే ముందు మెగ్గర్‌తో, అంటే ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరుతో, 500 ఓల్టుల మీద పరీక్షించు, ఒక మెగోమ్ (పది లక్షల ఓమ్‌లు) కన్నా తక్కువ చూపిస్తే దించొద్దు.

నా పాత మెగ్గర్ అటక మీదుంది. దసరాకి వచ్చినప్పుడు పట్టుకెళ్లు.

మీ మామయ్య