ముందు రిజిస్టర్ తియ్యి: మేనకోడలికి మావయ్య ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

జనం ప్రయాణాల తీరు మారిపోయిందనీ, ప్రయాణికులకు అద్దెకిచ్చే నీ ఆరు గదులూ, వాళ్లను తిప్పే వ్యానూ ఎలా నిలబెట్టుకోవాలో తోచడం లేదనీ రాశావు. కొత్త బోర్డు పెట్టాలా, గుడారాలు వెయ్యాలా అని అడిగావు. వాటి మీద ఒక్క రూపాయి పెట్టే ముందు బుకింగ్ రిజిస్టర్ తియ్యి తల్లీ. లోకంలో ఏం మారిందో తర్వాత చూద్దాం. నీ గుమ్మం ఎక్కేవాళ్లలో ఏం మారిందో ముందు తేలాలి.

గడిచిన 12 నెలల్లో వచ్చిన ప్రతి బుకింగుకీ ఒక వరస రాయి: బుక్ చేసిన తేదీ, దిగిన తేదీ, ఎన్ని రాత్రులు, ఎంతమంది, ఏ దారిన బుక్ చేశారు (సైటులోనా, నేరుగా ఫోన్ చేసా), కమీషన్ పోగా చేతికి ఎంత వచ్చింది, రద్దయిందా. రద్దయినవి కూడా రాయాలి. దిగిన తేదీలోంచి బుక్ చేసిన తేదీ తీసేస్తే ఎన్ని రోజుల ముందు అడుగుతున్నారో తెలుస్తుంది. ఇక్కడ సగటు కట్టకు. ఆరు నెలల ముందే గదులన్నీ పట్టుకున్న ఒక్క పెద్ద బృందం సగటును ఎక్కడికో లాక్కుపోతుంది. అంకెలను చిన్నదాని నుంచి పెద్దదాని దాకా పేర్చి, నడిమి అంకె చూడు. సీజను రోజులకు వేరుగా, మామూలు రోజులకు వేరుగా.

ఆ నడిమి అంకె 10 రోజులని తేలిందనుకో. అప్పుడు నెల ముందు గదులు ఖాళీగా కనిపించాయని రేటు తగ్గిస్తే నష్టపోతావు. నీకు రావలసినవాళ్లు ఇంకా వెతకడమే మొదలుపెట్టలేదు. తగ్గించిన సొమ్మంతా, తగ్గించకపోయినా వచ్చేవాళ్లకే పోతుంది. కిందటేడు ఇదే వారానికి, ఇన్నే రోజుల ముందు ఎన్ని గదులు నిండాయో పక్కన పెట్టి చూసి, దానికంటే బాగా వెనకబడితేనే రేటు ముట్టుకో.

ఇప్పటివాళ్లకు రద్దు చేసుకునే వీలు కావాలి. నీకు ఆఖరి నిమిషంలో గది మురిగిపోకూడదు. అందుకని రెండు రేట్లు పెట్టు. మామూలు రేటుకి 7 రోజుల ముందు దాకా మొత్తం వాపసు, 3 రోజుల ముందు దాకా సగం. నూటికి 10 తక్కువ రేటుకి అసలు వాపసు లేదు. ఈ మాటలు నీ పేజీలోనూ, బుకింగ్ సైట్లలోనూ అక్షరం తేడా లేకుండా ఉండాలి. గొడవలు వచ్చేది అక్కడే.

ఎన్ని రాత్రులు ఉంటున్నారన్నది ఇంకా ముఖ్యం. గది శుభ్రం చెయ్యడం, దుప్పట్లు ఉతకడం, తాళం అప్పగించడం, ఈ ఖర్చు రాత్రికి కాదు, బసకి. ఏడు రాత్రులు నాలుగు కుటుంబాలకు ఇస్తే నాలుగుసార్లు పెట్టాలి. ఒకరికే ఇస్తే ఒక్కసారి. అలా మిగిలిన మూడుసార్ల ఖర్చు లెక్కగట్టి, అందులో సగం వారం బసకి తగ్గింపుగా ఇవ్వు. కనీసం రెండు రాత్రులు అన్న నియమం పెడితే ఒక చిక్కుంది. రెండు బుకింగుల మధ్య ఒక్క రాత్రి ఇరుక్కుపోయి ఎవరికీ అమ్ముడుపోదు. వారానికోసారి క్యాలెండరు చూసి, అలాంటి రాత్రులకు మాత్రం నియమం ఎత్తెయ్యి.

లాప్‌టాప్ తెచ్చుకుని పని చేసుకుంటూ ఉండిపోయేవాళ్లు వారం బసకి సరిగ్గా సరిపోతారు. వైఫై ఉంది అని రాస్తే వాళ్లు నమ్మరు. గదులన్నీ నిండిన రోజు రాత్రి, ప్రతి గదిలో తలుపు వేసుకుని వేగం కొలువు. డౌన్‌లోడ్ కాదు, అప్‌లోడ్, అంటే ఇక్కణ్నుంచి బయటికి పంపే వేగం చూడు, వీడియో కాల్ తెగేది సాధారణంగా అక్కడే. మనిషికి 5 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉంటే చాలు. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ వేగమైనదే గానీ గోడలు దాటితే నీరసిస్తుంది. మూల గదులకు తీగ లాగి, అక్కడ వైఫై సిగ్నల్ ఇచ్చే ఇంకో పెట్టె (యాక్సెస్ పాయింట్) పెట్టు. కరెంటు పోతే రౌటరు ఆగకుండా దానికి సరిపోయే చిన్న యూపీఎస్ పెట్టు. బయటి ఇంటర్నెట్ తీగ వచ్చి చేరే పెట్టెకి (మోడెం) విడిగా కరెంటు కావాలంటే దాన్నీ అందులోకే కలపాలి, లేకపోతే రౌటరు వెలుగుతున్నా నెట్ ఉండదు. 72 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తు బల్ల, వీపు ఆనే కుర్చీ, చేతికందే దూరంలో రెండు ప్లగ్గులు. ముందు రెండు గదుల్లో ఇవి అమర్చి, మూడు నెలలు చూశాకే మిగతావాటికి ఖర్చు పెట్టు.

ఇక బుకింగులు వచ్చే దారుల సంగతి. బుకింగ్ సైట్లు నూటికి 15, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువే తీసుకుంటాయి. వాటిని మానెయ్యమనను, కొత్త ముఖాలను తెచ్చేది అవే. కానీ ఏ ఒక్క దారిలోనూ సగానికి మించి ఆధారపడకు. 178 ఏళ్ల చరిత్ర ఉన్న బ్రిటన్ పర్యాటక సంస్థ థామస్ కుక్ 2019 సెప్టెంబరు 23న మూతపడినప్పుడు, దాని మీదే బతికిన హోటళ్లకు ఆ సీజను బాకీలు కూడా చేతికి రాలేదు. ఒకసారి వచ్చివెళ్లినవాళ్లు రెండోసారి నేరుగా నీకే ఫోన్ చేసేలా చూసుకో. రేటు తగ్గించక్కర్లేదు, వెళ్లే రోజు మధ్యాహ్నం 1 గంట దాకా గది ఉంచుకోనివ్వు, బస్టాండు నుంచి వ్యాన్లో తీసుకురా. సైట్ల క్యాలెండర్లు లింకుతో కలిపితే కొత్త బుకింగ్ అటునుంచి ఇటు రావడానికి కొన్ని గంటలు పట్టవచ్చు. ఒకే గది ఇద్దరికి అమ్ముడయ్యేది ఆ సందులోనే. రద్దీ రోజుల్లో ఆఖరి గదిని ఒక్క చోటే అమ్మకానికి ఉంచు.

వెతికేవాళ్లు ఇప్పుడు మ్యాపులో చూస్తారు, ఏఐ చాట్‌బాట్‌ని అడుగుతారు. గూగుల్ మ్యాపులో నీ వివరాలు చూపే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్లో పిన్ను నీ గేటు మీదే ఉందో లేదో నడిచి వెళ్లి సరిచూడు. వివరాలన్నీ పోస్టరు బొమ్మలో పెడితే యంత్రాలు సరిగా చదవలేకపోవచ్చు, అక్షరాల్లోనే రాయి: మెట్లు ఎన్ని, కార్లు ఎన్ని పడతాయి, ఆఖరి బస్సు ఎన్నింటికి. రివ్యూ రాస్తే తగ్గింపు ఇస్తానని మాత్రం ఎవరికీ చెప్పకు, గూగుల్ దాన్ని ఒప్పుకోదు.

పర్యావరణం గురించి అడిగేవాళ్లు ఉంటారు. పచ్చదనం, ప్రకృతి అని పెద్ద మాటలు వద్దు. "తువ్వాళ్లు అడిగితేనే ఉతుకుతాం, తాగునీరు సీసాలో నింపుకోవచ్చు" అని చేసేదే రాయి.

వ్యాను ట్రిప్పులు రోజంతా కాకుండా పూటకి కుదించు. 12 సీట్లూ నిండుతాయని రేటు కట్టకు. డ్రైవరు కూలీ, డీజిలు, ప్రవేశ రుసుములు కలిపి 5 మందితోనే గిట్టుబాటయ్యేలా కట్టు. ముందురోజు సాయంత్రం 6 గంటలకు అయిదుగురు చేరకపోతే డబ్బు వాపసు అని బుకింగప్పుడే చెప్పు.

రిజిస్టరు వరసలు పూర్తయ్యాక ఆ కాగితాలు ఫొటో తీసి పంపు. వారం బస రేటు మనిద్దరం కూర్చుని కడదాం.

ఆశీస్సులతో,
మావయ్య