చైనా వైద్యంలో ప్లీహం వేరు, జువాలజీలో ప్లీహం వేరు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. చైనా వెళ్లి వాళ్ల సంప్రదాయ వైద్యం చదువుతానంటోంది. తిన్నది అరిగించేది ప్లీహమని (స్ప్లీన్) ఆ వైద్యం పుస్తకంలో ఉంది. జువాలజీలో అలా లేదు కదా! చేర్పించవచ్చా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ అనుమానం సరైనదే. ముందు దాన్నే తేల్చుకుందాం.

చైనా వైద్యంలో అవయవం పేరు చెబితే, కోసి చూస్తే కనిపించే భాగం ఒక్కటే కాదు, ఒంట్లో జరిగే కొన్ని పనులన్నిటికీ కలిపి పెట్టిన పేరు అది. వాళ్ల ‘పీ’ని ప్లీహం అని అనువదిస్తారు. తిన్నదాన్ని సారంగా మార్చి ఒళ్లంతా పంపడం, రక్తం నాళాలు దాటి పోకుండా చూడడం దాని పనులు. జువాలజీలో ప్లీహం పాతబడిన ఎర్ర రక్తకణాలను తొలగిస్తుంది. కిడ్నీ సంగతీ అంతే. అక్కడ అది పుట్టుకతో వచ్చిన సత్తువను దాచే చోటు. ఎముకలు, చెవులు, సంతానం దాని కిందికే వస్తాయి. ఇలాంటి ముఖ్య అవయవాలను ‘జాంగ్’ అంటారు, అవి ఐదు: గుండె, కాలేయం, ప్లీహం, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు. పొట్ట, పేగుల్లాంటి బోలు అవయవాలను ‘ఫూ’ అంటారు, అవి ఆరు. వాటిలో ‘సాన్‌జియావ్’ ఇదీ అని ఏ ఒక్క అవయవాన్నీ చూపించలేం. ఒక్కో జాంగ్‌కు ఒక్కో మూలతత్వాన్ని జతచేస్తారు: కాలేయానికి కర్ర, గుండెకు నిప్పు, ప్లీహానికి మట్టి, ఊపిరితిత్తులకు లోహం, మూత్రపిండాలకు నీరు. మన పంచభూతాలు గుర్తొస్తాయి గానీ, వీటిలో గాలి, ఆకాశం లేవు.

కాబట్టి పుస్తకం అచ్చుతప్పు కాదు. కానీ ఈ సిద్ధాంతం ఆధునిక శరీరశాస్త్రానికి ప్రత్యామ్నాయమూ కాదు. అమ్మాయి ఈ రెండు మాటలూ ఒప్పుకోగలగాలి.

ఇక ఉద్యోగం సంగతి. అసలు టెన్షన్ ఇక్కడే. విదేశీ డిగ్రీతో ఇక్కడ డాక్టరుగా రిజిస్టర్ కావాలంటే అది ఎంబీబీఎస్‌కు సమానమై ఉండాలి. 2021 నిబంధనల ప్రకారం కనీసం 54 నెలల కోర్సు, ఆపై 12 నెలల ఇంటర్న్‌షిప్, ఇంగ్లిష్ మీడియం తప్పనిసరి. సంప్రదాయ వైద్యం డిగ్రీ ఆ లెక్కలోకి రాదు. పైగా అక్కడ ఆ చదువు చాలావరకు చైనీస్ భాషలోనే.

తనకు మూలికలంటే ఇష్టమైతే తూ యూయూ గురించి చెప్పండి. పాత చైనా గ్రంథంలో దొరికిన ఆధారంతో ఆమె మలేరియా మందు ఆర్టిమిసినిన్‌ను వేరు చేసి, 2015లో నోబెల్ అందుకున్నారు. ఆమె చదివింది ఫార్మసీ. ఆ దారి బీఫార్మసీతో ఇక్కడే మొదలుపెట్టొచ్చు. సంప్రదాయ వైద్యమే కావాలంటే, నీట్ రాసి ఆయుర్వేద డిగ్రీ బీఏఎంఎస్‌లో చేరితే మన దగ్గరే ప్రాక్టీస్ చేసుకోవచ్చు.

ఇవన్నీ విన్నాక కూడా తను చైనాకే వెళ్తానంటే, డబ్బు కట్టే ముందు ఏజెంటు ఇచ్చిన అడ్మిషన్ లెటర్‌లో కోర్సు పేరు ‘క్లినికల్ మెడిసిన్’ (ఎంబీబీఎస్ లాంటిది) అని ఉందో, ‘చైనీస్ మెడిసిన్’ అని ఉందో మీ కళ్లతో మీరే చదవండి.